పడక పందెం

ఒకానొక రాజ్యంలో ఎండాకాలం వచ్చిందంటే జనానికి ఎండకన్నా రాజుగారంటేనే ఎక్కువ హడలు. ఆ రాజు మల్లభూపతికి ఒక్క క్షణం కుదురుండదు. పొద్దున గరిడీలో కుస్తీ, మధ్యాహ్నం గుర్రపుస్వారీ, సాయంత్రం కోట చుట్టూ పరుగు. ఆయన పరిగెడితే కొలువంతా వెనక రొప్పుతూ పరిగెత్తాల్సిందే. పగటి కునుకు నేరమని దండోరా కూడా వేయించాడు మహానుభావుడు.

ఆ పరుగుల్లోనే రాజుగారి మోకాలు బూరెలా పొంగింది.

"కొన్నాళ్లు మంచం దిగకండి ప్రభూ. మొండికేస్తే జన్మంతా కుంటాల్సి వస్తుంది" అన్నాడు రాజవైద్యుడు చిదంబరయ్య.

"పడుకోవడం సోమరిపోతుల పనయ్యా!" అని రాజు కుంటుకుంటూనే గరిడీకి వెళ్లిపోయాడు.

లక్కన అది చూశాడు. లక్కన కొలువులో చమత్కారి. నోటికి హద్దు లేదు గానీ రాజంటే ప్రాణం. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గరిడీ మట్టిలో పొర్లినవాళ్లు. లక్కన వైద్యుడితో ఏదో గుసగుసలాడి ఇంటికి పోయాడు.

మర్నాడు నిండుకొలువులో లక్కన స్తంభానికి ఆనుకుని గుర్రుపెట్టాడు.

"లక్కనా! ఎంత పొగరు! కోట చుట్టూ పది చుట్లు పరిగెత్తు!"

"చిత్తం ప్రభూ. పరుగుదేముంది, ఎవరైనా పరిగెడతారు. కదలకుండా పడుకోవడమే కష్టం. ఆ విద్యలో తమరు నా ముందు ఒక్క పూట కూడా నిలవలేరు."

కొలువు గతుక్కుమంది. రాజుగారి మీసం అదిరింది.

"నేనా? నిలవలేనా? పందెం!"

"కాలకృత్యాలకు తప్ప ఎవరు ముందు మంచం దిగితే వాళ్లు ఓడినట్టు ప్రభూ."

"వేయించు మంచాలు!"

వట్టివేళ్ల తడికలు కట్టిన చావడిలో రెండు నవారు మంచాలు పక్కపక్కనే పడ్డాయి. మొదటిరోజు రాజుకు ఒళ్లంతా చీమలు పాకినట్టే ఉంది. ఒక కాలు మెల్లగా కిందికి దించబోతే మంచం కిర్రుమంది.

"ఓడిపోతున్నారా ప్రభూ?" అన్నాడు లక్కన కళ్లు తెరవకుండానే. కాలు చటుక్కున పైకి పోయింది. లక్కన మళ్లీ గుర్రు అందుకున్నాడు.

చిదంబరయ్య పూటపూటా వచ్చి మోకాలికి వావిలాకు కాపడం పెట్టాడు. రెండోరోజు రాజు ఆదమరిచి నిద్రపోయాడు. మూడోరోజు తాటిముంజలు తిని, చల్లమజ్జిగ తాగి, మళ్లీ నిద్రపోయాడు. ఆ వేసవిలో మొదటిసారి కొలువు కూడా కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆరోరోజు పొద్దున వైద్యుడు మోకాలు నొక్కి చూసి చిన్నగా దగ్గాడు. లక్కన గభాలున మంచం దిగి, "ఓడిపోయాను ప్రభూ!" అన్నాడు.

"గెలిచాను!" అని రాజు ఒక్క గెంతు గెంతి, అలాగే ఆగిపోయాడు. మోకాలి నొప్పి లేదు. మోకాలికేసి చూశాడు. వైద్యుడికేసి చూశాడు. వైద్యుడు పైకప్పుకేసి చూస్తున్నాడు.

"ఓరి దొంగా! నన్నే పడుకోబెట్టావురా!" అని రాజు పగలబడి నవ్వాడు. "ఏం కావాలో కోరుకో."

"రెండురోజుల నిద్ర ప్రభూ. తమరెక్కడ లేచిపోతారోనని అయిదురోజులుగా కంటిమీద కునుకు లేదు."

అప్పుడు చూశాడు రాజు, లక్కన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మరి ఆ గుర్రు?"

"అది తమరికి నిద్ర రావాలని పెట్టింది."

 రాజు పగటి కునుకు మీద ఆంక్ష ఆ క్షణమే ఎత్తేయమన్నాడు. లక్కనను తన మంచం మీదే పడుకోబెట్టి, సేవకుడి చేతిలోని విసనకర్ర తానే అందుకున్నాడు.

"ప్రభూ, తమరికెందుకు శ్రమ..." అంటూనే లక్కన కళ్లు మూతలు పడ్డాయి. ఈసారి గుర్రు నిజంది.