కరుణమ్మ గారి మూడో చరణం

సలోమికి ఒక చిట్కా దొరికింది. స్వరం ఎక్కడుందో తెలియని చోట తీగని గట్టిగా మీటకూడదు. తాకీ తాకనట్టు తాకి వదిలేయాలి. అప్పుడు తప్పు వాయించినా ఎవరి చెవికీ ఆనదు.

సామర్లకోటలో సలోమి వెళ్లే చర్చి వాళ్లు డబుల్ బేస్‌ని పెద్ద ఫిడేలు అంటారు. నిలబెడితే సలోమి కంటే ఎత్తు. దాని మెడ మీద వీణకున్నట్టు మెట్లుండవు. వేలు ఎక్కడ పెడితే ఏ స్వరం పలుకుతుందో చేతికే తెలియాలి. ఇన్నేళ్లూ దాన్ని జోసయ్య మాస్టారే వాయించారు. ఈ ఏడు ఆయనకి భుజం పట్టేసింది. చర్చి వందేళ్ల పండగకి వాయించేవాళ్లు ఇంకెవరూ దొరక్క, ఆయన దగ్గర ఇంకా పాఠాల్లోనే ఉన్న సలోమిని స్టేజీ ఎక్కమన్నారు. అప్పట్నుంచీ ఆ పిల్ల ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని తిరుగుతోంది, పాపం.

అయితే చిట్కా మాత్రం భేషుగ్గా పనిచేసింది. రిహార్సల్స్‌లో ఒక్కళ్లంటే ఒక్కళ్లు ఆమెకి వంక పెట్టలేదు. "పర్లేదే, నెట్టుకొచ్చేస్తున్నావ్!" అన్నాడు పాటల బృందాన్ని నడిపే సుందర్‌పాల్. సలోమి లోపల్లోపలే మురిసిపోయింది.

తంటా అంతా కరుణమ్మ గారితో వచ్చింది.

ఆవిడ పెద్దావిడ. పెళ్లిళ్లకీ పండగలకీ ఆ చర్చిలో ఆవిడ గొంతు వినబడాల్సిందే. చెవులు కాస్త మందమని అందరికీ తెలుసు, ఎంత మందమో ఎవరికీ తెలియదు. పండగలో చివరి పాట ఆవిడదే. మూడో చరణంలో హార్మోనియం, తబలా ఆగిపోతాయి. ఆవిడ గొంతు ముందు, పెద్ద ఫిడేలు వెనక, అంతే. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఆవిడ తడబడుతోంది. ఒకసారి ముందుకి పరిగెడుతుంది, ఒకసారి మాట మధ్యలో ఆగి బిక్కమొహం వేస్తుంది.

పండగ రోజు పొద్దున ఆఖరి రిహార్సల్. జోసయ్య మాస్టారు మొదటిసారి వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. కరుణమ్మ గారు మళ్లీ అక్కడే ఆగిపోయారు.

సుందర్‌పాల్ విసుగు దాచుకోలేకపోయాడు. "అమ్మగారూ, సాయంత్రం ఊరంతా వస్తారండి. మూడో చరణం మా పిల్లల చేత పాడించేస్తాం. మీరు పక్కన నిలబడండి, చాలు."

ఆవిడకి సగమే వినబడింది. ఆ సగమే చాలింది. "మీ ఇష్టం బాబూ, వయసైపోయింది" అని కొంగుతో మొహం తుడుచుకుంటూ స్టేజీ దిగిపోయింది. ఇంతకాలం పాడిన మనిషి, ఒక్క మాటతో అయిపోయింది.

అందరూ టీలకి వెళ్లాక సలోమి మాస్టారి దగ్గరికొచ్చి, "పాపం, మర్చిపోతున్నారండి" అంది.

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. "చెప్పులు విప్పు" అన్నారు.

"అండీ?"

"విప్పి, కరుణమ్మ నిలబడే చోట నిలబడు."

స్టేజీ మొత్తం పాత చెక్క బల్లలతో వేసింది. సలోమి వట్టి కాళ్లతో వెళ్లి నిలబడింది. మాస్టారు జేబులోంచి దూది తీసి ఆమె రెండు చెవుల్లోనూ కుక్కారు. పైన అరచేతులు అదిమి పెట్టుకోమని సైగ చేశారు. తర్వాత ఆమె వెనక్కి వెళ్లి, భుజం నొప్పికి పళ్లు బిగించి, ఫిడేలు అందుకున్నారు.

సలోమికి ఏమీ వినబడలేదు. ఈయనకి మతిగానీ పోయిందా అనుకుంది. అంతలో పాదాల కింద చెక్క అదిరింది. మళ్లీ అదిరింది. ఫిడేలు అడుగునున్న ఇనుప కాలు బల్లల మీద ఆని ఉంది. మాస్టారు మీటే ప్రతి దెబ్బా అందులోంచి బల్లల్లోకి దిగి, ఆమె అరికాళ్లని తడుతోంది. ఆ తాళం పట్టుకుని ఎంత దూరమైనా పాడుకుంటూ పోవచ్చనిపించింది.

ఉన్నట్టుండి ఆగిపోయింది. కాళ్ల కింద ఏమీ లేదు. చీకట్లో మెట్టు తప్పినట్టయి సలోమి చెయ్యి చాచింది.

వెనక్కి తిరిగి చూస్తే మాస్టారు ఇంకా వాయిస్తూనే ఉన్నారు. తాకీ తాకనట్టు, అచ్చం తనలాగే.

సలోమికి తల కొట్టేసినట్టయింది. దూది లాగి పారేసి, చెప్పులైనా తొడుక్కోకుండా సుందర్‌పాల్ దగ్గరికి పరిగెత్తింది.

"మూడో చరణం కరుణమ్మ గారే పాడతారండి."

"మళ్లీ ఆగిపోతే?"

"ఆగితే నన్నడగండి."

"అక్కడ నీకు చెయ్యి కుదిరిందేంటి?"

"లేదండి."

సుందర్‌పాల్ గుడ్లప్పగించి చూశాడు. వెనకే వచ్చిన మాస్టారి వైపు తిరిగాడు. "మీ చావు మీరు చావండి" అని టీ గ్లాసు అక్కడ పెట్టి విసవిసా వెళ్లిపోయాడు.

సాయంత్రం హాల్లో ఇసకేస్తే రాలని జనం. సలోమి బతిమాలితే కరుణమ్మ గారు మళ్లీ స్టేజీ ఎక్కారు. చివరి పాట రెండో చరణం దాటింది. హార్మోనియం ఆగింది. తబలా ఆగింది.

సలోమి ఎడమ చెయ్యి ఫిడేలు మెడ మీద కిందికి జారాలి. ఎక్కడిదాకా జారాలో ఆమెకి ఇప్పటికీ తెలియదు. మెల్లగా తాకి వదిలేస్తే ఎవరికీ తెలియదు. ఎదురుగా చెక్క మీద కరుణమ్మ గారి వట్టి మడమలు. ఆవిడ ఊపిరి తీసుకుని, ఆగి ఉంది.

సలోమి తీగని బలంకొద్దీ లాగి వదిలింది.

తప్పు స్వరం! హాలంతా మోగింది. ముందు వరసలో ఎవరో మొహం చిట్లించారు. సుందర్‌పాల్ కళ్లు మూసుకున్నాడు.

కరుణమ్మ గారు పాట ఎత్తుకున్నారు.

సలోమి రెండో దెబ్బా అంతే గట్టిగా వేసింది. అదీ కాస్త పక్కకే పోయింది. మూడోది కుదిరింది. కరుణమ్మ గారు ఒక్క మాట తప్పకుండా, ఎక్కడా తొందరపడకుండా, చరణం చివరిదాకా పాడారు. తబలా వచ్చి కలిసింది. జనం లేచి నిలబడ్డారు.

అంతా అయ్యాక సలోమి తెర వెనక మాస్టారి ముందు తల దించుకుని నిలబడింది.

"మూడో చరణంలో తప్పు వాయించానండి."

"ఊఁ" అన్నారు జోసయ్య మాస్టారు. "బాగా వినబడింది."