వాగు మీద మూడో వంతెన

దగ్గరికి జరుగు తల్లీ. పార్కులో రాతి వంతెన ఎవరు కట్టారని అడిగావుగా, చెప్తాను.

అనగనగా ఒక పట్నం, ఆ పట్నం నడుమ ఒక వాగు. అప్పుడు పార్కు లేదు, ఒట్టి తుమ్మచెట్లే. వాగుకి ఇవతల ఇళ్ళు, అవతల ఆసుపత్రి. ఒంట్లో బాగోకపోతే నీళ్ళలో దిగి వెళ్ళాల్సిందే. వానాకాలంలో అదీ కుదిరేది కాదు.

అక్కడ భద్రయ్య అనే మేస్త్రీ, ఆయన భార్య సాయమ్మ ఉండేవాళ్ళు. ఇద్దరూ కలిసే పనికి వెళ్ళేవాళ్ళు. ఊరి పెద్దలు వచ్చి, "వాగు మీద వంతెన కట్టు భద్రయ్యా" అని అడిగారు.

మొదట కర్ర వంతెన కట్టాడు. అప్పుడు వాన పట్టుకుంది. వాగు పొంగి, వంతెనని దుంగలు దుంగలుగా ఊడదీసి పట్టుకుపోయింది.

ఆ తర్వాత ఇటుకలతో కట్టాడు. పూర్తి కాకుండానే గట్టు జారింది. కమాను కూలి భద్రయ్య కాలు మీద పడింది.

"అలిసిపోయాను సాయమ్మా. ఇంక నా వల్ల కాదు" అన్నాడు.

"సరేలే" అంది ఆమె. పెద్దలు మళ్ళీ వస్తే గుమ్మంలోంచే పంపేసింది.

ఆయన మందు కోసం సాయమ్మే రోజూ వాగు దాటేది. తిరిగొచ్చి వంట చేసేది, కట్టు మార్చేది. ఒకరోజు నీళ్ళ ఉరవడికి కాలు జారింది. ఏదో వేరు పట్టుకుని గట్టెక్కింది. ఇంటికొచ్చి, మందుసీసా గూట్లో పెట్టి, గడప మీద కూర్చుని కొంగు పిండుకుంటోంది.

భద్రయ్య మంచం మీంచి చూశాడు. అప్పుడు, "రేపు బండి మాట్లాడు. రాళ్ళు చూసొద్దాం" అన్నాడు.

"అలిసిపోయానన్నావుగా?"

"నువ్వూ అలిసిపోయావు. మళ్ళీ నిన్ను ఆ నీళ్ళలోకి పంపలేను."

ఈసారి రాయి తగిలేదాకా గట్టు తవ్వించారు. భద్రయ్య గట్టున మంచం వేయించుకుని కూర్చుని పని చెప్పేవాడు. రాళ్ళు అతకడానికి సాయమ్మ గానుగ సున్నంలో బెల్లపు నీళ్ళు కలిపి అందించేది. ఏళ్ళు పట్టింది. ఇద్దరి జుట్టూ తెల్లబడింది. మానేద్దామని ఒకరోజు ఆయన అనేవాడు, ఇంకోరోజు ఆమె అనేది. ఇద్దరూ ఒకేరోజు అనలేదు, అంతే.

వంతెన పూర్తయింది. ఆ తర్వాత మళ్ళీ వాన పట్టుకుంది. ఊరంతా గోనెలు కప్పుకుని గట్టున నిలబడింది. నీళ్ళు కమాను అంచుదాకా వచ్చాయి. రాయి కదల్లేదు. ఆ వానలోనే ఒక నిండు చూలాలిని మంచం మీద మోసుకుని ఆసుపత్రికి దాటించారు.

అప్పుడు పెద్దలు పూలదండలు పట్టుకుని భద్రయ్య ఇంటికి పోయారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఇద్దరూ ఒళ్ళు తెలీకుండా నిద్రపోతున్నారు. వాన చప్పుడుకి ఉలిక్కిపడకుండా వాళ్ళు పడుకుని ఎన్నేళ్ళయిందో.

పెద్దలు లేపలేదు. దండలు తలుపు గొళ్ళేనికి తగిలించి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు.

కథేమో కంచి దారి పట్టింది,
మా తల్లి కంటికి కునుకు పట్టింది.