గృహాధికారి రాసిన కోపం లేఖ

పొన్నగిరి అనే ఒకానొక రాజ్యాన్ని తేజోవర్మ అనే రాజు ఏలేవాడు. రాజధానిలో ఆయనకు మూడు వందల అద్దె ఇళ్లుండేవి. "మా ఇళ్లలో కాపురమున్న వాళ్లెవరూ ఇంతవరకు ఒక్క ఫిర్యాదు చేయలేదు" అని వచ్చిన ప్రతి అతిథితోనూ మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు.

ఫిర్యాదు ఆయన దాకా వెళితే కదా. ఇళ్లు అద్దెకివ్వడం, వాటి బాగోగులు చూడడం గృహాధికారి కేసరిభట్టు పని. తనకంటే అందంగా లేఖ రాయగలవాడు భూమ్మీద లేడని కేసరిభట్టు నమ్మకం. ఫిర్యాదు లేఖలో ఏ చిన్న దోషం కనిపించినా వెనక్కి పంపేసేవాడు. దోషం కనిపించని లేఖ ఒక్కటీ ఆయన చేతికి రాలేదు. ఏడాది చివర "సక్రమమైన ఫిర్యాదులు: లేవు" అని రాజుకు రాసిచ్చేవాడు.

నేతగాళ్ల వీధిలో మల్లక్క అనే ఆవిడ ఆ ఇళ్లలోనే ఒకదాంట్లో ఉండేది. మగ్గమే ఆవిడకు ఆధారం. ఆ ఏడు తొలకరికే కప్పు కారడం మొదలైంది. మగ్గం గుంటలో నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకునే నేసేది. దారాలు నాని తెగిపోయేవి. నెల తిరిగినా ఒక్క చీర పూర్తికాలేదు.

ఆవిడకు నాలుగక్షరాలు వచ్చు. లేఖ రాసి పట్టుకెళ్లింది.

"మాకు బిరుదులు ఏడుంటే ఐదే రాశావు" అన్నాడు కేసరిభట్టు.

ఏడూ రాసి మళ్లీ తెచ్చింది.

"కోపం మితిమీరింది. 'ఇది ఇల్లా, జల్లెడా' అని అడగడం మర్యాద కాదు."

మూడోసారి ఎంతో అణకువగా రాసుకొచ్చింది.

"ఇంత శాంతంగా రాశావంటే నీకు పెద్ద బాధేమీ లేదన్నమాట."

"మరి ఎంత కోపం ఉండాలి బాబుగారూ?"

"అది చెబితే వచ్చేది కాదమ్మా. చదువుకోవాలి."

మల్లక్క బయటికొచ్చి కచేరీ మెట్ల మీద కూలబడింది. ఆస్థాన విదూషకుడు పేరయ్య అటుగా పోతూ, "ఏమైందక్కా?" అని ఆగాడు. ఆవిడ మూడు లేఖలూ చేతికిచ్చింది. జల్లెడ మాట చదివి పేరయ్య పకపకా నవ్వాడు. అంతలో నీళ్లలో నాని తెల్లగా పాలిపోయిన ఆవిడ పాదాలు కనబడ్డాయి. నవ్వు ఆపేశాడు.

మర్నాడు కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, మన ప్రజలకు సక్రమంగా ఫిర్యాదు రాయడం రాక గృహాధికారిగారు ఎంతో శ్రమపడుతున్నారు. ఆయనే ఒక కోపం లేఖ నమూనాగా రాసిస్తే అందరూ చూసి నేర్చుకుంటారు."

రాజుకు ఆ మాట నచ్చింది. కేసరిభట్టు ఛాతీ పొంగింది.

"కోపం లేఖ పట్టుపరుపు మీద కూర్చుని రాస్తే పండదు కదా స్వామీ" అన్నాడు పేరయ్య. "నేతగాళ్ల వీధిలో మల్లక్క ఇల్లుంది. అక్కడ కూర్చుని ఆవిడ తరఫున రాయండి."

"ఎక్కడైనా రాస్తాను. నా కలానికి చోటుతో పనేమిటి?"

జరీ తలపాగా చుట్టుకుని ఆ మధ్యాహ్నమే వెళ్లి, పీట మీద కూర్చుని తన బిరుదులు రాయడం మొదలుపెట్టాడు. ఐదో బిరుదు దగ్గర వాన అందుకుంది. టప్పున చుక్క పడి మొదటి బిరుదు అలుక్కుపోయింది. పీట జరుపుకున్నాడు. అక్కడా చుక్కే. మూలకు పోతే ఏకంగా ధార.

"కారని చోటెక్కడమ్మా?"

"నెల నుంచి నేనూ అదే వెతుకుతున్నాను బాబుగారూ."

తలపాగా తడిసి ముక్కు మీదికి జారింది. కేసరిభట్టు బిరుదులన్నీ తనే కొట్టేసి, పళ్లు కొరుకుతూ కొత్త కాగితం అందుకున్నాడు. అది తడవకుండా మల్లక్క చేట అడ్డుపెట్టింది. కలం పరుగెత్తింది.

"ఓ గృహాధికారీ, నీకు కళ్లున్నాయా? ఉంటే ఒక్కసారైనా పైకి చూశావా? ఇది ఇల్లా, జల్లెడా? జల్లెడలో పొట్టైనా ఆగుతుంది, ఇందులో మనిషి ఆగలేడు. కప్పు నేయించడం చేతకాకపోతే నీ జరీ తలపాగా పంపు, చిల్లులకు కుక్కుకుంటాం."

రాస్తున్నకొద్దీ ఆయనకు ఉత్సాహం పెరిగిపోయింది. ఎవరికి రాస్తున్నాడో మరిచిపోయి, ప్రతి వాక్యం పైకి చదువుకుని మురిసిపోయాడు. చేట పట్టుకున్న మల్లక్క నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకుంది. చివర ఆవిడ చేత సంతకం పెట్టించాడు.

మర్నాడు పేరయ్య ఆ లేఖను కొలువులో చదివి వినిపించి, కేసరిభట్టు వైపు తిరిగాడు.

"స్వామీ, ఇందులో దోషమేమైనా ఉందా?"

"అక్షరం కదపడానికి లేదు."

"అయితే సక్రమమైన ఫిర్యాదే?"

"ఇంతకంటే సక్రమమైనది పుట్టలేదు."

"మరి అందులో రాసిందంతా నిజమేనా?"

"నిజం కాకపోతే నాకీ పడిశం ఎందుకు పడుతుందయ్యా?" అని కేసరిభట్టు గట్టిగా తుమ్మాడు. తుమ్మాక గానీ తానేమన్నాడో ఆయనకు తట్టలేదు.

కొలువంతా రాజు ముఖం వైపు చూసింది. ముందు ఆ ముఖం ఎర్రబడింది, మీసం అదిరింది. అంతలో కేసరిభట్టు రెండో తుమ్ము తుమ్మాడు. రాజుకు నవ్వు ఆగలేదు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వాడు.

"పేరయ్యా, మూడు వందల ఇళ్లలో ఇలాంటివి ఎన్ని?"

"ఆ లెక్క వానకే తెలియాలి ప్రభూ."

"అయితే భట్టుగారూ, రేపటి నుంచి వాన పడ్డప్పుడల్లా ఒక్కో ఇంట్లో కూర్చుని చూసి రండి. కారిన ప్రతి కప్పూ నేయించండి. ముందు మల్లక్కది."

కేసరిభట్టు తలవంచి బయటికొచ్చాడు. ద్వారం దగ్గర మల్లక్క నిలబడి ఉంది. "తప్పు నాదేనమ్మా" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "లేఖలో ఆ జల్లెడ మాట మాత్రం నీదే" అన్నాడు. మూడో రోజుకల్లా ఆవిడ మగ్గం గుంట ఆరింది.

రాజు పేరయ్యను దగ్గరికి పిలిచాడు. "నీ తెలివికి మెచ్చాం. మా అద్దె ఇళ్లలో ఒకటి నీకు రాసిస్తున్నాం. ఏది కావాలో కోరుకో."

పేరయ్య చేతులు జోడించాడు. "ఇల్లు మాత్రం వద్దు ప్రభూ. నాకు లేఖలు రాయడం రాదు."

రాజు మళ్లీ కడుపు పట్టుకుని నవ్వుతూ, తన చేతి కడియం తీసి పేరయ్యకు తొడిగాడు.