కూతవేటు

హైమవతికి ఏడుపొక్కటే తక్కువ.

మన్యంలో గుమ్మలపాడు ఊరికి ఎగువన, కొండవాలంతా ఆమె సెన్సర్లు పాతింది. నేల కదిలితే అవి రేడియోలో ఒకదానికొకటి కబురందించుకుని కింద ఊళ్ళో సైరన్ మోగించాలి.

కిందటి వర్షాకాలం అన్నిటికీ ఒకే రహస్య సంఖ్య ఇచ్చింది. ఆ సంఖ్య ఉన్న కబురునే అవి నమ్ముతాయి. ఎవడో ఆకతాయి ఒక సెన్సర్ని పీకి, సంఖ్య బయటికి లాగి, దొంగ కబురు పంపాడు. జనం పసిపిల్లల్ని చంకనేసుకుని వానలో పరుగెత్తారు. కొండ మాత్రం కదల్లేదు.

"ఇంకోసారి మోగినా మేం లేవం," అని ఊరిపెద్ద పాంగి సుక్రయ్య మొహమ్మీదే చెప్పేశాడు.

అందుకని హైమవతి ఈసారి ఏ రెండు సెన్సర్లకైనా వాటికే తెలిసిన సంఖ్య ఒకటి ఉండాలని పట్టుబట్టింది. ఆ బుల్లి పెట్టెల్లో అన్ని సంఖ్యలు పడితేనా! కొన్ని సంఖ్యలు పట్టకపోయేసరికి పక్కపక్కనున్నవే ఒకదాన్నొకటి గుర్తుపట్టక మూగబోయాయి. పైన చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది.

ఆమెకు పరిశోధన నేర్పిన సోమయాజులు మాస్టారు కర్ర ఊతంగా వాలెక్కి వచ్చారు.

"పట్టి చావట్లేదు మాస్టారూ! దేన్ని తీసెయ్యను? అన్నీ కావాలిగా!"

ఆయన తలెత్తి దూరంగా చూశారు. వాలుకి అటు చివర హైమవతి సహాయకురాలు కుందన వైర్లు సర్దుతూ చీమంత కనిపిస్తోంది.

"ఆ పిల్లని భోజనానికి పిలువు."

"ఇక్కడ ఫోన్ పనిచెయ్యదు."

"కేకెయ్యి."

హైమవతికి ఒళ్ళు మండింది. ఇప్పుడా భోజనాలు! అయినా అరిచింది. గాలి ఎగరేసుకుపోయింది. మళ్ళీ అరిచింది. గొంతు జీరబోయింది. కుందన తలెత్తలేదు.

"వినపడదు మాస్టారూ, ఏం చెయ్యమంటారు నన్ను!"

వాలు మధ్యలో, సెన్సర్ కోసం తవ్వుతున్న గోతిలోంచి పనివాడు ఇస్మాయిల్ తల పైకి లేచింది. "ఏంటక్కా ఆ కేకలు?"

"కుందనని భోజనానికి రమ్మను!"

అతను అటు తిరిగి కేకేశాడు. దూరంగా కుందన నిలబడి చెయ్యూపింది.

మాస్టారు మెల్లగా వంగి, నేలలో పాతిన సెన్సర్ మీద చెయ్యి వేశారు. "దీని కేక అంతదూరం పోతుందా?"

"పోదు."

"వినపడనివాళ్ళతో రహస్యాలెందుకమ్మా?"

హైమవతి గబుక్కున కూర్చుంది. లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంది.

కుందన వచ్చి పక్కన కూర్చునేసరికి హైమవతి ఒకదాని కేక ఒకదానికి అందని సెన్సర్ల మధ్య సంఖ్యలు చెరిపేస్తూనే ఉంది. అన్నం ముట్టలేదు.