మునగచెట్టు కింద పిండం

ఆ వీధిలో ఎవరి తద్దినమైనా పిండం ముట్టేది ఒక ముసలి కాకే. అందరి తాతలూ ముత్తాతలూ దాని రూపంలోనే వచ్చి తిని వెళ్ళేవారు. అది ఏ ఇంటికీ కాదనేది కాదు. తాతల మాటెలా ఉన్నా, నెయ్యి వేసిన ముద్ద ముద్దే కదా!

ఒక ఉదయం కరెంటు తీగ తగిలి దాని జోడుకాకి చచ్చిపోయింది. ఒక ఇంటి పెరట్లో, మునగచెట్టు కింద పడింది. కాకులన్నీ మూగి కాసేపు అరిచి ఎవరి దారిన అవి పోయాయి. కాకుల్లో చావుకి అంతకు మించి తంతు లేదు. ముసలి కాకికి అది చాలలేదు. ఊళ్ళోవాళ్ళ పెద్దలందరి బదులూ తిన్నాను, నా జోడుకి ఒక్క మెతుకు పెట్టే దిక్కు లేదే అని దానికి ఏడుపొచ్చింది.

ఆ ఇంట్లోనే ఆ రోజు పెద్దాయన సంవత్సరీకం. కొడుకు గోడ మీద పిండం పెట్టి "కావ్, కావ్" అని పిలిచాడు. మునగకొమ్మ మీంచి కాకి కదల్లేదు. అది ముడితే గానీ ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోకూడదు.

"నాన్నకి ఏదో కోరిక మిగిలిపోయింది," అన్నాడు కొడుకు. "తమ్ముడితో మాట్లాడతాను నాన్నా, రా!"

"మామయ్యగారికి గారెలంటే ప్రాణం," అంటూ కోడలు రెండు గారెలు తెచ్చి పెట్టింది.

పెద్దాయన భార్య అరుగు మీంచి అంది: "అలిగి అన్నం మానే మనిషి కాదర్రా ఆయన. ఆ కాకికే ఏదో కష్టమొచ్చింది."

చివరికి కాకి దిగింది. ముక్కుకి పట్టినంత ముద్ద కరుచుకుని పెరట్లోకి ఎగిరింది. "ముట్టింది, ముట్టింది!" అని అందరూ దణ్ణాలు పెట్టుకుని లోపలికి నడిచారు.

కాకి తినలేదు. ఆ ముద్దని జోడుకాకి ముందు పెట్టింది. పెట్టాక గానీ అసలు చిక్కు తెలియలేదు. మనుషుల్లో పోయినవాళ్ళు కాకులై వచ్చి తింటారు. కాకుల్లో పోయినవాళ్ళు ఏమై వస్తారో దానికెవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు రాకపోతారా అని అటూ ఇటూ చూస్తూ పిలిచింది. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది.

దొడ్డితలుపు తీసుకుని పెద్దావిడ వచ్చింది. చచ్చిన కాకిని చూసింది, దాని ముందున్న ముద్దని చూసింది.

"అత్తయ్యా, విస్తరేశాం, రండి!" అని లోపల్నుంచి కోడలు కేకేసింది.

"ఉండవే, నన్ను ముందు ఇక్కడ పిలిచారు," అంది పెద్దావిడ. నేల మీద చతికిలబడి, ఆ ముద్దలోంచి నాలుగు మెతుకులు తీసి నోట్లో వేసుకుంది.

కాకి పిలవడం మానింది.