గ్రేసమ్మ వణికించిన స్వరం

విశాఖపట్నంలో జయశీలం మేస్టారికి ఒక అలవాటుండేది. పియానో గురించి ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. చెప్పులేసుకుని ఏదో ఒక పియానో దగ్గరికి బయలుదేరేవారు. డెబ్బై దాటినా ఊళ్లో పియానోలకు శ్రుతి సరిచేసేది ఆయనే, వాయించడం నేర్పేదీ ఆయనే. అడిగినవాళ్లు వెనకాల నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆయన్ని ప్రశ్నలడగడం ఎప్పుడో మానేశారు.

ఆయన దగ్గర నేర్చుకుని ఇప్పుడు తానే పాఠాలు చెబుతున్న హెప్సిబా మాత్రం ఒక శనివారం పొద్దున ప్రశ్న పట్టుకునే వచ్చింది.

"మేస్టారూ, పిల్లలకి యూరప్ సంగీత యుగాల పాఠం చెబుతున్నాను. మూడొందల ఏళ్లనాటి బరోక్ కాలంవాళ్లు ఒక్కో స్వరాన్ని వణికించి, మెలితిప్పి ఎన్ని నగలు పెట్టారండీ! తర్వాత క్లాసికల్ వాళ్లొచ్చి అవి చాలావరకు తీసేసి తేటగా వాయించారు. ఆ తర్వాతి రొమాంటిక్ కాలంవాళ్లు ఆ తేటదనమూ చాలక పాటని మైళ్ల పొడవున సాగదీశారు. ముందువాళ్లని అలా వదిలేసుకోడానికి వాళ్లకి మనసెలా వచ్చిందండీ?"

అడిగింది యూరప్ గురించే గాని, ఆమె గుండెలో ఉన్నది వాళ్లమ్మ గ్రేసమ్మ. గ్రేసమ్మ పోయి రేపటికి ఏడాది. చర్చిలో జరిగే జ్ఞాపకార్థ కూడికలో, అమ్మ రోజూ సాయంత్రం వాయించుకునే నిదానమైన గీతాన్ని హెప్సిబా వాయించాలి. ఆ గీతంలో పొడుగు స్వరం వచ్చిన ప్రతిచోటా గ్రేసమ్మ పక్కపక్కనున్న పియానో మెట్లు రెండింటిని గబగబా మార్చి నొక్కుతూ స్వరాన్ని వణికించేది. హెప్సిబాకి అమ్మంటే ఆ వణుకే. అచ్చం అలాగే నేర్చుకుంది. తీరా చర్చిలోని కొత్త పియానో మీద వాయించి చూస్తే అంతా గోలగోలగా ఉంది, పాటలోని దుఃఖం ఎటో పోయింది. పోనీ తీసేద్దామంటే అమ్మను రెండోసారి సాగనంపినట్టుంది. వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

రేపటి గీతం సంగతి తెలిసిన మేస్టారు చెప్పులేసుకుని నేరుగా హెప్సిబా ఇంటికే నడిచారు. సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టి, లోపలి చెక్క పగిలిపోయిన గ్రేసమ్మ పియానో హాల్లో దుప్పటి కప్పుకుని ఉంది. అమ్మ పోయాక హెప్సిబా దాని మూత తీయలేదు.

"ఆ పొడుగు స్వరం ఒక్కటే నొక్కి పట్టుకో. వణికించకు," అన్నారు మేస్టారు, దుప్పటి లాగి మూత తెరుస్తూ.

నొక్కింది. టక్కుమని పలికి, రెండు లెక్కపెట్టేలోగా ఆరిపోయింది. మళ్లీ నొక్కింది. అంతే.

"ఇరవై ఏళ్లు దీనికి వైద్యం చేశాను, నా వల్ల కాలేదు. మీ అమ్మది ఒకటే పోరు, స్వరం కాసేపు నిలబడేట్టు చెయ్యండి మేస్టారూ, చాలు అని. నేను చేతులెత్తేశాక ఆవిడే వణికించడం మొదలెట్టింది. ఆ బరోక్ వాళ్ల వాద్యమూ ఇంతేనమ్మా, తీగని మీటేది, మీటగానే స్వరం పోయేది. వాళ్లూ అదే పని చేశారు."

హెప్సిబా ఆ మెట్టు మీంచి వేలు తీయలేదు. చిన్నప్పటినుంచి తాను సొగసనుకున్నది అమ్మ ఆరాటమని తెలిసేసరికి ఆమెకు ఏడుపాగలేదు. పోతున్న స్వరాన్ని పోనివ్వకుండా అమ్మ ఎన్ని సాయంత్రాలు ఇక్కడ కూర్చుందో! మేస్టారు గుమ్మంలో నిలబడి, ఆమె ముఖం తుడుచుకోగానే చర్చి వైపు దారితీశారు.

"బరోక్ తర్వాతవాళ్ల చేతికొచ్చింది ఇలాంటిదే," అంటూ కొత్త పియానో ముందు కూర్చోబెట్టి అదే స్వరం నొక్కమన్నారు. నొక్కింది. స్వరం లేచి ఖాళీ బల్లల మీదుగా సాగింది. ఆమె రెండో వేలు అలవాటుకొద్దీ పక్క మెట్టు మీదికి పోబోయి ఆగిపోయింది. పది లెక్కపెట్టింది. స్వరం ఇంకా ఉంది. ఇలాంటి పియానో మీద అమ్మ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వాయించి ఉంటే ఎంత బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

స్వరం సన్నబడి సన్నబడి, ఉందో లేదో తెలియకుండా అయ్యాక అడిగింది. "రేపు వణికించకుండా వాయిస్తే అమ్మని వదిలేసినట్టు కాదా మేస్టారూ?"

ఆయన అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఇప్పుడు ఇంతసేపు విన్నావే," అన్నారు, "మీ అమ్మ వణికించింది దీనికోసమేనమ్మా."