ఏడు కుండలూ నిండుగానే ఉన్నాయి

ఉసిరివలసలో తెలివంతా ఒక్క ఇంట్లోనే ఉంది. ఈ మాట నేను చెప్పడం కాదు, ఆ ఇంటివాళ్ళే పొద్దున లేచింది మొదలు చెబుతుంటారు. పెద్దాడు పోలన్న, నడిపివాడు గవరయ్య, చిన్నాడు తౌడు, పోలన్న పెళ్ళాం ఎర్నమ్మ. మొత్తం నలుగురు. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తారు, అదీ వాళ్ళ గొప్ప. చెప్పిందానికి ఇంత ఎక్కువా చెయ్యరు, ఇంత తక్కువా చెయ్యరు. ఊళ్ళో మిగతావాళ్ళం బుర్ర వాడతాం కాబట్టి వాళ్ళ కంటికి మేం ఆనం.

మాది కొండ కింద ఊరు. ఎండాకాలం వచ్చిందంటే అడవి అంటుకోవడం, ఆ మంట కొండ దిగి రావడం మామూలే. పోలన్న గడ్డిల్లు వరసగా రెండేళ్ళు కాలిపోయింది. రెండోసారి కాలినప్పుడు ఎర్నమ్మ బూడిదలో నిలబడి, ఊరందరి ముందూ ఒక మాట అనేసింది. ఈసారి కూడా ఇల్లు కాలితే ఈ ఇల్లు వదిలేసి పుట్టింటికి పోతానని, మళ్ళీ మొహం చూడనని. పోలన్నకి గుండె జారిపోయింది. ఎర్నమ్మంటే వాడికి ప్రాణం. పైగా ఆ ఇంట్లో మాటంటే మాటే. పోతానందంటే పోతుంది.

అందుకని ఈ ఏడు శివరాత్రి వెళ్ళగానే నలుగురూ ఫారెస్టు గార్డు జోగారావు దగ్గరికెళ్ళి కూర్చున్నారు. ఏం చెయ్యమంటారో చెప్పండి బాబూ, చెప్పింది చెప్పినట్టు చేస్తాం అన్నారు. పాపం ఆయన కొత్తగా వచ్చాడు. వాళ్ళ సంగతి తెలీదు. మురిసిపోయి చాలా చెప్పాడు. ఇంటి చుట్టూ పది గజాల మేర ఎండుటాకు కంటికి కనపడకూడదన్నాడు. వాకిట్లో ఏడు కుండల నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉండాలన్నాడు. తను ఎప్పుడొచ్చి చూసినా గరిటెడు కూడా తగ్గి ఉండకూడదన్నాడు. మంట కనిపిస్తే కంచం మోగించి, అన్నీ వదిలేసి గెడ్డలోకి పరిగెత్తమన్నాడు. గెడ్డంటే ఊరి వెనకాల పారే వాగు.

అంతే, మర్నాడే పని మొదలైంది. ముగ్గురన్నదమ్ములూ చీపుళ్ళు పట్టుకుని పది గజాలూ అద్దంలా ఊడ్చారు. ఆకు కొండలా పోగుపడింది. దాన్నెక్కడ పెట్టాలి? ఎక్కడ పెట్టినా కంటికి కనపడుతోంది. అప్పుడు ఎర్నమ్మకి ఆలోచన తట్టింది. ఇంట్లో పోసి తలుపేస్తే ఎవరికి కనపడుతుంది అంది. వదిన తెలివికి తౌడు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇంకేముంది, రోజూ ఊడవడం, రోజూ లోపల పొయ్యడం. పదిహేను రోజులకి ఆకు వాసాల్ని తాకింది. పడుకోడానికి చోటు లేక నలుగురూ వాకిట్లోకొచ్చారు. వంట కూడా వాకిట్లోనే. ఇల్లు మాత్రం భద్రంగా ఉందని పోలన్న తెగ సంబరపడ్డాడు.

ఇక కంచం సంగతి. మంట కనిపిస్తే మోగించమన్నాడు కదా, తెల్లారి ఎర్నమ్మ పొయ్యి వెలిగించగానే తౌడు కంచం మోగించాడు. ఊరు ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని గెడ్డలో దూకాం. మధ్యాహ్నం వంటకి మళ్ళీ దూకాం. సాయంత్రం ఇంకోసారి. మూడు రోజులు మా ఊళ్ళో ఒక్కరి బట్టా ఆరలేదు. చివరికి జోగారావు వచ్చి, ఇంటి దగ్గర మంటకి కంచం కొడితే తాట తీస్తానని తౌడుకి గట్టిగా చెప్పాడు. తౌడు బుద్ధిగా తలూపాడు. ఆ తలూపుడు చూసి నాకెందుకో భయమేసింది.

కుండల కాపలా గవరయ్యది. ఎండకి నీళ్ళు వేలెడు తగ్గుతాయి కదా, వాడు గరిటె పట్టుకుని రోజంతా ఒకదాని తరవాత ఒకటి నింపుకుంటూ తిరిగేవాడు. దాహమేస్తే గెడ్డకెళ్ళి తాగొచ్చేవాడు తప్ప వాటిని ముట్టుకునేవాడు కాదు. ఓసారి గేదె వచ్చి మూతి పెట్టబోతే, గార్డుగారొస్తే ఏం జవాబు చెబుతావే అని దాన్నే నిలదీశాడు.

చైత్రంలో ఒక మధ్యాహ్నం నిజంగానే కొండ అంటుకుంది. గాలి మా వైపే. ఇది ఇంటి మంట కాదని బాగా చూసుకుని తౌడు కంచం మోగించాడు. మేమంతా గెడ్డలోకి పరిగెత్తాం. అన్నీ వదిలేసి రమ్మన్నాడని పోలన్న తలగుడ్డ వదిలేశాడు, చొక్కా వదిలేశాడు, పంచె కూడా వదిలేసి గోచీతో వచ్చాడు. అదైనా ఎందుకు ఉంచుకున్నావని తమ్ముళ్ళు తప్పుపట్టారు.

మంట కొండ దిగింది. పోలన్న ఇంటి దాకా వచ్చింది. ఊడ్చిన నేల మీద దానికి తినడానికి ఏమీ దొరకలేదు. అటూ ఇటూ చూసినట్టు చూసి, పక్కనున్న బండల మీదికెళ్ళి చచ్చిపోయింది. నిజం చెబుతున్నాను, ఊళ్ళో ఒక్క కొంప కూడా కాలలేదు. ఎర్నమ్మ ఇంటి గోడని చేత్తో తడిమి ఏడ్చేసింది. "మూడేళ్ళకి మన ఇల్లు మనకి మిగిలిందయ్యా, ఇంక నేనెక్కడికీ పోను" అంది. పోలన్న కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోవడమెందుకు.

అక్కడితో ఊరుకుంటే వాళ్ళు వాళ్ళెందుకవుతారు?

మేమంతా ఎవరి కొంపలు వాళ్ళం చూసుకోడానికి వెళ్ళిపోయాం. మంట చల్లారాక వచ్చిన జోగారావు మిగతా ఇళ్ళు చూసి రావడానికి బయల్దేరుతూ, ఎక్కడైనా నిప్పురవ్వ పడి ఉంటుందేమో మూలమూలా వెతకండి, నేనిప్పుడే వస్తాను అని కేకేసి వెళ్ళాడు. సరే, వాకిట్లో వెతికారు. పెరట్లో వెతికారు. మరి ఇంట్లో? తలుపు తీస్తే లోపల అంతా ఆకు, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకట్లో నిప్పురవ్వ ఎలా కనపడుతుందని పోలన్న బాగా ఆలోచించి, కాగడా వెలిగించుకుని లోపలికెళ్ళాడు.

కాసేపటికి లోపల్నించి సంతోషంగా కేకేశాడు.

"ఒరే తమ్ముడూ, దొరికిందిరా!"

ఇంకేముంది. పోలన్న కనుబొమలు కాలి బయటపడ్డాడు, వెనకే మంట బయటపడింది. ఇది ఇంటి మంట కాబట్టి తౌడు కంచాన్ని మోగకుండా రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు. కుండల్లో నీళ్ళు మంట మీద పొయ్యరా అని పోలన్న అరిస్తే గవరయ్య అడ్డంగా నిలబడ్డాడు. గార్డు వచ్చే వేళకి గరిటెడు తగ్గితే ఎవరు జవాబు చెబుతారన్నాడు. పోలన్నకి అదీ నిజమే అనిపించింది. పోనీ గెడ్డనించి తెద్దామంటే, ఉన్న కుండలన్నీ నిండుగా ఉన్నాయి, దేనితో తెస్తారు? ముగ్గురూ దోసిళ్ళతో పరిగెత్తారు. వచ్చేసరికి వేళ్ళ సందుల్లో తడి తప్ప ఏం మిగల్లేదు. ఆ తడి కూడా గవరయ్య కుండలోనే విదిల్చాడు, సెగకి కాస్త తగ్గిందని.

పొగ చూసి మేం వెళ్ళేటప్పటికి ఇల్లు బూడిద. జోగారావు రొప్పుతూ వచ్చాడు. వాళ్ళు ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు.

"చూసుకోండి బాబూ, ఏడు కుండలూ నిండుగానే ఉన్నాయి" అన్నాడు గవరయ్య.

జోగారావు తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

ఇక అందరి చూపూ ఎర్నమ్మ మీదే. ఊరి ముందు ఇచ్చిన మాట. పోలన్న గోచీతో, కనుబొమలు లేని మొహంతో ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. "పోతావా?" అని మాత్రం అడగగలిగాడు.

ఎర్నమ్మ బూడిద వైపు చూసింది. చెంగు నడుముకి దోపుకుంది.

"ఇల్లు వదిలేసి పోతానని కదా అన్నాను. ఇల్లేదీ? లేని ఇల్లు ఎలా వదలను? ముందు ఇల్లు కట్టండి, అప్పుడు వదిలేసి పోతాను."

పోలన్నకి ప్రాణం లేచొచ్చింది. ఇల్లు కట్టకుండా ఊరుకుంటే ఆవిడ జన్మంతా ఇక్కడే ఉంటుంది కదా అని మేమందరం వాడి చెవిలో చెప్పబోయాం. వింటేనా? ఎర్నమ్మ మాట తప్పిన మనిషనిపించుకోకూడదని, వాడు అప్పటికప్పుడే పలుగు పట్టుకుని గోడలకి మట్టి తవ్వడం మొదలెట్టాడు. వదిన బయల్దేరడానికి ఆలస్యమవుతుందని తమ్ముళ్ళు కూడా సాయం పట్టారు.

మట్టి తడపడానికి నీళ్ళు కావాలి. తౌడు దోసిలి పట్టుకుని గెడ్డకి పరిగెత్తాడు.